ఉరుకుడు ముచ్చట్లు: కాజీపేట గ్రౌండ్ నుంచి ఖిల్లా దాకా

మా ఇండ్లల్ల ఉరుకుడు అంటే ఏదో ఒక కారణం ఉండాలె. బస్సు పోతాందని ఉరుకుతరు, మొగులు పట్టిందంటే దండెం మీది బట్టల కోసం ఉరుకుతరు, బర్రె తాడు తెంపుకుంటే దాని ఎనుక ఉరుకుతరు, ఇప్పుడైతే పోలీస్ కొలువు కోసం ఉరుకుతాన్రు, షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్తె ఉరుకుతాన్రు. ఊకెనే ఉరుకుడు మాత్రం ఎవ్వలకు అర్థం కాదు. నేను హన్మకొండల వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఉరుకుడు మొదలుపెట్టిన కొత్తల మా అత్తమ్మ రోజు అడిగేది, "ఎవలు తరుముతాన్రే నిన్ను?" అని. కోపంతోని అడుగుడు కాదు, నిజంగనే తెల్సుకుందామని అడిగేది. నేను కూడ నిజమే చెప్పేదాన్ని, "ఎవలు తరమకపోయినా ఉరికితె మస్తుంటది అత్తమ్మా" అని. ఆమె కొద్దిసేపు ఆలోచించి "సరే గని వచ్చేటప్పుడు కరివేపాకు పట్టుకరా" అనేది. అట్ల కరివేపాకు, కొత్తిమీర, పాల ప్యాకెట్ అన్ని నా ఉరుకుడు ఖాతాల పడ్డయి, ఇప్పటికి కూడ పడుతనే ఉన్నయి.

నేను పుట్టి పెరిగింది కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల. బాపు లోకో షెడ్‌ల పనిచేసేది. షెడ్ సైరన్ కొడితె మా బజారు బజారంతా లేచేది, ఇంట్లె గడియారం ఉన్నా ఎవ్వలు దాన్ని చూసేటోళ్లు కాదు. పొద్దుగాల బాపు డ్యూటీకి పోయేటప్పుడు నేను ఎంబడి గేటు దాకా ఉరికేదాన్ని, బాపు సైకిల్ మీద, నేను పక్కన. ఆయన కావాలనే నెమ్మదిగ తొక్కేది. కొంచెం దూరం పోయినంక "ఇగ మర్రిపో బిడ్డా" అనేది, నేను ఇంకో చెట్టు దాకా, ఇంకో చెట్టు దాకా అనుకుంట పోయేదాన్ని. నా మొదటి కోచ్ ఎవలంటే నేను బాపు సైకిల్ అనే చెప్త.

1984ల లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ అయినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ల నాలుగో స్థానంల వచ్చింది, సెకనుల నూరో వంతుతోని కాంస్యం పోయింది. ఆమెకు 55.42 సెకన్లు, మూడోస్థానంల వచ్చినామెకు 55.41. బాపు పేపర్ల చదివి నాకు చెప్తె నాకు అర్థం కాలే, నూరో వంతు అంటే ఎంత అని అడిగిన. "నువ్వు రెప్ప కొట్టెదానికి పట్టే టైముల పదో వంతు కూడ ఉండదు బిడ్డా" అన్నడు. ఆ రోజు నేను అద్దం ముందట నిలబడి రెప్ప కొట్టుకుంట చానాసేపు చూస్కున్న. గంత చిన్న దాని కోసం ఒక పతకం పోతదా అని ఏడుపచ్చింది నాకు, ఇప్పుడు రాస్తుంటె కూడ గొంతుల ఏదో అయితది.

రెండేండ్లకు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌ల అదే ఉష 200 మీటర్లు, 400 మీటర్లు, 400 హర్డిల్స్, రిలే, నాలుగిట్ల బంగారం కొట్టి, 100 మీటర్లల వెండి తెచ్చింది. మా క్వార్టర్లల్ల పండుగ అయింది. నేను ఒక పాత రైల్వే రిజిస్టర్ తీసుకోని మైదా గంజితోని ఉష ఫోటోలు అతికించుడు షురూ చేసిన. పేపర్ వచ్చుడు పక్కింటికి, మాకు కాదు, అందుకే వాళ్లు చదివి, బియ్యం డబ్బా కింద పరిచి, అది పాతగయి తీసేసినంక గని నాకు వచ్చేది కాదు. ఆ రిజిస్టర్ ఇప్పటికి నా బీరువాల ఉంది. మైదా గంజికి పురుగులు పట్టి అక్కడక్కడ బొక్కలు పడ్డయి, అయినా ఉష మొకం బాగనే ఉంది. అంటే ఉరుకుడు కంటె ముందు నాకు వచ్చిన హాబీ ఉరికెటోళ్ల ఫోటోలు కత్తిరించుడు. తర్వాత స్టాంపులు జమచేసుడు వచ్చింది, తర్వాత రేడియో వచ్చింది, మిద్దె మీద చెట్లు వచ్చినయి, కొన్ని పోయినయి, కొన్ని ఉన్నయి. రిజిస్టర్ మాత్రం అట్లనే నిండుకుంట వస్తాంది.

స్కూల్ల ఉన్నప్పుడు రైల్వే గ్రౌండ్‌ల వట్టి కాళ్లతోనే ఉరికేది. తెల్ల కాన్వాస్ బూట్లు ఉండె గని అవి ఆగస్టు 15కు, జనవరి 26కు పరేడ్ కోసం, వాటికి సుద్దముక్క రాసి తెల్లగ చేసి పెట్టేది, అవి ఏసుకోని ఉరికితె మాసిపోతయని అమ్మ ఒప్పుకోకపోతుండె. గ్రౌండ్‌ల మొరం ఉంటది, ఎండకాలం కాలుతది, వానకాలం జారుతది. అదే మొరం మీద 800 మీటర్లు ఉరికి స్టీల్ డబ్బా గెలిచిన, అమ్మ అండ్ల చానా ఏండ్లు చింతపండు పోసింది. పదో తరగతి అయింది, ఇంటర్ అయింది, పోస్టాఫీసుల కొలువు వచ్చింది, పెండ్లయింది, హన్మకొండ వచ్చిన, బిడ్డ పుట్టింది. ఆ నడిమి ఏండ్లల్ల ఉరుకుడు ముచ్చటే లేదు, దాని గురించి పెద్దగ చెప్పేది కూడ ఏం లేదు.

మళ్ల మొదలైన రోజు మాత్రం బాగ యాదికుంది. పక్కింటి వదిన, నేను పొద్దుగాల వడ్డేపల్లి కట్ట మీద నడువ పోయేది. ఒక రోజు రాత్రంత వాన పడి తెల్లారి ఆగింది, చెరువు నిండుగ ఉంది, గాలి సల్లగ వస్తాంది. ఎందుకో కాళ్లు ఆగలే. చున్నీ నడుముకు బిగించి కట్టుకోని ఉరికిన. వదిన ఎనుక నుంచి "ఏమైందే, ఏమైందే" అని ఒర్రుతాంది, కట్ట మీద కూసున్న తాతలు ఏదన్న పాము కనపడ్డదేమో అని లేచి నిలబడ్డరు. నేను ఆ కొస దాకా పోయి మర్రి చూస్తె వదిన కూడ ఉరుక్కుంట వస్తాంది, నవ్వుకుంట. గంతే. ఆ రోజు నుంచి ఇద్దరం ఉరుకుతాన్నం.

వదినకు, నాకు స్పీడ్ గురించి, ప్లాన్ల గురించి అప్పుడు ఏం తెల్వదు. మాకు తెల్సిన లెక్క ఒక్కటే, ఉరుక్కుంట ముచ్చట పెట్టుకోగలగాలె. ముచ్చట ఆగిపోయిందంటె స్పీడ్ ఎక్కువైనట్టు, ఇగ తగ్గించాలె. తర్వాత తర్వాత చదివితె తెల్సింది, లోకం మీద చానామంది కోచ్‌లు చెప్పేది కూడ అదేనట. వారంల ఎక్కువ శాతం ఉరుకుడు మాట్లాడుకుంట ఉరికే స్పీడ్‌లనే ఉండాలె, అప్పుడే గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు నిదానంగ బలపడతయట, మరీ దమ్ము వచ్చేటట్టు రోజు ఉరికితె అలసట తప్ప లాభం తక్కువట. మేము అది చదవకముందే కూరగాయల ధరలు, ఆడబిడ్డల ముచ్చట్లు, బిడ్డల చదువులు మాట్లాడుకుంట శాస్త్రం ప్రకారమే ఉరికినం అన్నట్టు. అప్పుడు నాకు, వదినకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

వడ్డేపల్లి కట్ట అంటే అదొక లోకం. పొద్దుగాల ఒక దిక్కు యోగా, ఒక దిక్కు గట్టిగ నవ్వే తాతలు, ఒక దిక్కు షటిల్, కింద రాగిజావ, మొలకలు, కాకరకాయ రసం అమ్మేటోళ్లు. మొదట్ల మేము ఉరుకుతుంటె అందరు చూసేటోళ్లు. ఆడోళ్లు నడుస్తె ఎవ్వలు చూడరు, ఉరికితె చూస్తరు. అట్ల చూసుడు కూడ ఎన్ని రోజులు చూస్తరు? నెల అయినంక ఎవ్వలకు పట్టదు, రెండు నెలలైనంక మేము రాకపోతె "రాలేదేందమ్మా నిన్న?" అని అడుగుడు మొదలైంది. ఒక రిటైర్డ్ సార్ ఉండె, మేము పోతున్నప్పుడల్ల చేతి కట్టె పక్కకు జరిపి "పోనియ్ పోనియ్, బండి ఆగొద్దు" అనేది. ఇప్పుడు ఆ సార్ లేడు. ఆయన కూసునే బెంచి దగ్గరికి రాంగనే వదిన ఆ మాట అంటది, నేను కూడ అంట.

జేఎన్ఎస్‌కు, అంటే మన హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి పోవుడు తర్వాత మొదలైంది. అక్కడ పోతె తెల్లారక ముందే పోలీస్ కొలువుల పిల్లలు ఉంటరు. నయీంనగర్ దిక్కు రూములల్ల ఉండి కోచింగ్ తీసుకునేటోళ్లు, పర్కాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి దిక్కు నుంచి వచ్చినోళ్లు. 2022 నోటిఫికేషన్‌ల మొగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల పెట్టిన్రు. అంతకుముందు మొగపిల్లలకు 800, ఆడపిల్లలకు 100 మీటర్లే ఉండె. 100 మీటర్లంటె ఊపిరి పట్టి ఉరికితె అయిపోతది, 800 అట్ల కాదు, రెండు రౌండ్లు, అండ్ల రెండో రౌండు మొదలుపెట్టంగనే కాళ్లు బరువెక్కుతయి. పాపం ఆ పిల్లలు మొదట్ల ఎట్ల ఉరికేటోళ్లంటే విజిల్ వినంగనే పానం పెట్టి ఉరుకుడు, రౌండు కూడ కాకముందే నడుం పట్టుకోని నిలబడుడు.

నా చేతికి వాచ్ ఉంటది గదా, "అక్కా టైం చూడవా" అని ఒక పిల్లగాడు అడిగిండు. చూసిన. మొదటి రౌండు 1 నిమిషం 20 సెకన్లల్ల కొట్టిండు, మూడో రౌండుకు వచ్చేసరికి నడుస్తాండు. అప్పుడు కూసొని లెక్క చెప్పిన, 1600 అంటె నాలుగు రౌండ్లు, 7 నిమిషాల 15 సెకన్లను నాలుగుతోని పంచుకో, ఒక్కో రౌండుకు 1 నిమిషం 48 సెకన్లు వస్తది, మొదటి రౌండు కావాలనే అంత నెమ్మదిగనే ఉరుకు, మిగిలినోళ్లు ముందుకు పోతె పోనియ్, మూడో రౌండుల వాళ్లు నీకు దొరుకుతరు అన్న. వాడు నమ్మలే. నమ్మకున్నా తెల్లారి చేసి చూసిండు. మూడో రౌండుల ఒక్కొక్కన్ని దాటుకుంట వస్తాంటె వాని మొకం చూడాలె! నాలుగో రౌండు అయినంక కూలబడి గూడ నవ్వుతనే ఉన్నడు. అటెన్క ఇగ నేను గేట్ల అడుగుపెట్టంగనే "అక్క వచ్చింది, టైం వచ్చింది" అని గుంపు అయ్యేది. పోస్టాఫీసుల ముద్ర కొట్టే చెయ్యితోని పొద్దుగాల స్టాప్‌వాచ్ నొక్కుడు నాకు ఎంత ఇష్టమైన పనో చెప్పలేను.

అండ్ల ఒక పిల్ల పర్కాల దిక్కు ఊరి నుంచి వచ్చింది. ఫ్లోటర్స్ ఏసుకోని ఉరికేది, మడిమలు పగిలి రక్తం వచ్చినా ఆగకపోయేది. నా కాలు సైజు, ఆమె సైజు ఒక్కటే. ఇంట్ల కొత్తయి ఒక జత ఉంటె ఇచ్చిన. తీసుకోను అంటది, అట్లైతె ఉరికి చూపించు, టైం వస్తె నీయి, రాకపోతె నాకు వాపస్ అన్న. వచ్చింది టైం. 5 నిమిషాల 20కి మస్తు ముందుగ్గనే వచ్చింది. మొన్నటి మేడారం జాతరల గద్దెల దిక్కు పోయే లైన్ల నిలబడితె, ఖాకీ బట్టలల్ల బందోబస్తుల ఉన్న ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. ఆ జనంల, ఆ దుమ్ముల, ఆ బెల్లం వాసనల నాకు మొదట ఎవలో అర్థం కాలే. "అక్కా, బూట్లు ఇయ్యాల్సి ఉండె గదా మీకు" అన్నది. ఇద్దరం ఏడ్చినం.

అదే స్టేడియంల 2021 సెప్టెంబర్ల 60వ నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్స్ జరిగినయి. మన హన్మకొండల! మేము రోజు చెమటలు కార్చుకుంట తిరిగే తావుల దేశం నలుమూలల నుంచి వచ్చిన అథ్లెట్లు ఉరికిన్రు. అక్కడ్నే హర్మిలన్ కౌర్ బైన్స్ ఆడోళ్ల 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లల్ల కొట్టి నేషనల్ రికార్డ్ తిరగరాసింది. ఆ పాత రికార్డ్ సునీతారాణిది, 2002 బుసాన్ ఏషియన్ గేమ్స్‌లది, 4 నిమిషాల 6.03 సెకన్లు, అంటె దగ్గర దగ్గర 19 ఏండ్లు ఎవ్వలు ముట్టుకోలేదు. నాకు ఇంకా నచ్చిన ముచ్చట ఏందంటె, అదే బుసాన్ ఆటలల్ల హర్మిలన్ వాళ్ల అమ్మ 800 మీటర్లల వెండి పతకం తెచ్చింది. అమ్మ పతకం గెలిచిన ఆటలప్పటి రికార్డును బిడ్డ వచ్చి మా ఊర్ల దాటింది. ఆ పేపర్ కటింగ్ నా రిజిస్టర్ల ఉష పేజీ ఎదురుంగ అతికించిన, ఈసారి మైదా గంజితోని కాదు, ఫెవికాల్‌తోని. తర్వాత మేము అక్కడ ఉరికినప్పుడల్ల వదిన ఆఖరి మలుపుల "ఇక్కడ్నుంచే గుంజింది కావచ్చు" అని స్పీడ్ పెంచేది, మాకు ముచ్చట ఆగిపోయేది, అయినా ఆగకపోయేటోళ్లం.

ఇంకో పేజీ ఉంది ఆ రిజిస్టర్ల, అది మనసొంతది. పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల, జీవాంజి దీప్తి. కూలి పని చేసుకునే ఇంట్ల పుట్టిన బిడ్డ. 2024 మే నెలల జపాన్‌ల కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌ల 400 మీటర్ల టీ20 విభాగంల 55.07 సెకన్లతోని ప్రపంచ రికార్డ్ పెట్టి బంగారం తెచ్చింది, అదే యేడు సెప్టెంబర్ల పారిస్ పారాలింపిక్స్‌ల 55.82తోని కాంస్యం తెచ్చింది. టీ20 అంటె తెలివి ఎదుగుదలల ఇబ్బంది ఉన్న అథ్లెట్ల విభాగం. చిన్నప్పుడు ఆ పిల్లను ఊర్లె వాళ్లు ఎట్లెట్ల మాటలన్నరో పేపర్లల్ల చదివినప్పుడు నాకు కడుపుల దేవినట్టయింది. పారిస్ రేసు నేను, అత్తమ్మ, మా ఆయన టీవీ ముందట కూసొని చూసినం. దీప్తి గీత దాటంగనే అత్తమ్మ "గీ పిల్లను ఎవలు తరిమిన్రు?" అని అడగలే. చేతులు రెండు జోడించి మొక్కింది. తెల్లారి పొద్దుగాల నేను బూట్లు ఏసుకుంటాంటె ఆమెనే వచ్చి "జల్ది పో, ఎండ వస్తది" అన్నది. ఉష 55.42, దీప్తి 55.07, ఒకటి హర్డిల్స్, ఒకటి మామూలు 400, రెండిటిని పక్కపక్కన పెట్టి చూడొద్దని నాకు తెల్సు. అయినా చిన్నప్పుడు ఏడిపించిన ఆ 55 అనే అంకె మళ్ల మా జిల్లా పిల్ల మెడల పతకమై వచ్చిందంటె నాకు పానం లేచొచ్చింది, ఏం చేయాలె మరి.

ఆదివారం మాత్రం ఖిల్లా వరంగల్. హన్మకొండ నుంచి బండి మీద పోయి అక్కడ దిగి ఉరుకుతం. ఖిల్లా లోపల రాతికోట గుండ్రంగ ఉంటది, అడ్డంగ కొలిస్తె కిలోమీటరుకు కొంచెం ఎక్కువ, దాని బయట అగడ్త, ఇంకా బయట మట్టికోట. లోపల ఊరుంది, ఇండ్లున్నయి, పొలాలున్నయి, కోళ్లు, బర్రెలు, బడికి పోయే పిల్లలు. నడిమిట్ల స్వయంభూ దేవుని గుడి తావుల నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు. తెలంగాణ రాజముద్ర మీదున్న తోరణం ఇదే. టూరిస్టులు టికెట్ తీసుకోని తోరణాల దగ్గర ఫోటో దిగి పోతరు, వాళ్లను తప్పుపట్టేది లేదు, కాని ఖిల్లాను ఉరికి చూసినోళ్లకు ఇంకో ముచ్చట తెలుస్తది. రాతికోట దర్వాజాలు సీదా ఉండయి. లోపలికి పోవాలంటె ఒకసారి మలగాలె, మళ్ల ఇంకోసారి మలగాలె. బండి మీద పోతె అదేందో రోడ్డు వంకర అనుకుంటం. ఉరికితెనే అసలు సంగతి కాళ్లకు తెలుస్తది, ఎంత స్పీడ్‌తోని వచ్చినా ఆ మలుపు కాడ తగ్గించుడు తప్పది, మళ్ల పుంజుకునే లోపల్నే ఇంకో మలుపు. ఏనుగుల మీద, గుర్రాల మీద ఉరికొచ్చే శత్రువు కోసం పెట్టిన మలుపులు అవి. గణపతిదేవుని కాలంల మొదలై రుద్రమదేవి కాలంల ఎత్తు పెంచిన కోట అంటరు. అంటె ఎప్పుడో 13వ శతాబ్దంల కట్టినాయన నా స్పీడ్ గురించి కూడ ఆలోచన చేసిపెట్టిండు. ఆ మలుపుల నేను ఆగి గోడ రాయి మీద చెయ్యి పెడ్త ప్రతిసారి, ఎండకాలం పొద్దుగాల కూడ ఆ రాయి సల్లగుంటది.

ఉరికెటోళ్లకు క్యాలెండర్ అవసరం లేదు. జనవరిల మంచుకు ముందట పది అడుగులు కనపడయి, భద్రకాళి కట్ట మీద గుడి గంట వినపడతది గని గుడి కనపడది. ఫిబ్రవరి వచ్చిందంటె ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాల బండ్లు, ఆ దిక్కు పోయినమంటె ఘాటుకు తుమ్ములే తుమ్ములు, వదిన అయితే ఆ రోడ్డే వద్దంటది. మోదుగు పూలు పూసినయంటె ఎండలు దగ్గర పడ్డట్టు. మే నెలల నాలుగున్నరకే బయటపడాలె, ఆరున్నర అయిందంటె రోడ్డు సెగ కొడ్తది, అంబలి తాగి పోతె కొంచెం నయం. జూన్ల మొదటి వాన వాసన. 2024 నవంబర్ల పూడిక తీసెటందుకు భద్రకాళి చెరువు నీళ్లు ఖాళీ చేసినప్పుడు, ఎన్నడు చూడని చెరువు అడుగు చూసినం, అంత పెద్ద చెరువు కింద అంత నల్ల మట్టి ఉందా అని రోజు ఆగి చూసేటోళ్లం, ఉరుకుడు తక్కువ, చూసుడు ఎక్కువ అయింది ఆ నెల.

అన్నిట్ల నాకు బతుకమ్మ నెల ఎక్కువ ఇష్టం. వానకాలం ఎన్కకు పోంగనే గునుగు తెల్లగ లేస్తది, తంగెడు పచ్చగ పూస్తది. మేము ఉరికే రోడ్లల్ల ఏ పొలం గట్టు మీద గునుగు ఎక్కువుందో, ఎక్కడ తంగెడు చెట్టును ఇంకా ఎవ్వలు కోయలేదో నాకు, వదినకు నోటికి తెల్సు. హసన్‌పర్తి దిక్కు ఒక తావు ఉంది, అది మాత్రం ఇక్కడ రాయను, మా బజారు ఆడోళ్లు తిడ్తరు! నడుముకు బట్టసంచి కట్టుకోని ఉరుకుడు, పూలు కోసుకోని నడుచుకుంట వచ్చుడు. ఒక పొద్దుగాల కరెంటు తీగ మీద పాలపిట్ట కనపడ్డది, దసరా ఇంకా రాలే, అయినా ఇద్దరం ఆగి మొక్కినం. ఇంటికి వచ్చినంక అత్తమ్మ తాంబాళంల గునుగు పేర్చుకుంట "ఈ పూలు కొనాలంటె ఎంత పడ్తయో ఎర్కనా" అంటది, బజార్ల అందరికి మా కోడలు ఉరికి తెచ్చింది అని చెప్తది. సద్దుల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి కాడ ఇసుకేస్తె రాలని జనం, ఆ గుంపుల మా బతుకమ్మ కూడ, దాని మీద మా ఉరుకుడు పూలు.

పోతపోత హైదరాబాద్ హాఫ్ మారథాన్ గురించి ఒక మాట. ఆగస్టుల అవుతది అది, నెక్లెస్ రోడ్డు దిక్కు మొదలై గచ్చిబౌలి స్టేడియంల అయిపోతది, నడుమ ఫ్లైఓవర్లు ఎక్కుడు దిగుడు. 21.1 కిలోమీటర్లు. మా మనిషి ఎవ్వలకన్న అర్థం కావాలంటె దగ్గర దగ్గర హన్మకొండ నుంచి ఐనవోలు మల్లన్న గుడి కాడికి నడిచిపోయేటంత దూరం అని చెప్పిన. వదిన, నేను రాత్రి కాజీపేటల రైలెక్కి పోయినం, సంచిల సర్వపిండి పెట్టుకున్నం. అక్కడ అందరు ఏవేవో జెల్ ప్యాకెట్లు చింపుకుంట తాగుతాన్రు, మాకు బియ్యం పిండి, నువ్వులు, పల్లీలు, ఉప్పు, కారం అన్ని ఒక్క దాంట్లనే ఉన్నయి. రేసుకు ముందు రోజు తింటె మంచిది, ఉరికే పొద్దున కాదు, నూనె కడుపుల బరువుగుంటది. అయిపోయినంక గచ్చిబౌలిల గడ్డి మీద కూసొని మిగిలిన ముక్క తిన్నం చూడు, ఆ రుచి మళ్ల రాలే. పక్కన కూసున్న బెంగళూరు పిల్ల అడిగి మరీ తిన్నది, పేరు రాసుకున్నది. మెడల్ ఇంట్ల దేవుని అర్రల వేలాడుతాంది, అత్తమ్మ పని అది.

బూట్ల గురించి చానామంది అడుగుతరు కాబట్టి చెప్త. మరీ ఖరీదైనయి అక్కర్లేదు, మీ కాలుకు సుఖంగ ఉండాలె, బొటనవేలు ముందట కొంచెం జాగ ఉండాలె, సాయంత్రం పూట కొనాలె ఎందుకంటె అప్పటికి కాలు కొంచెం ఉబ్బుతది. 500 నుంచి 800 కిలోమీటర్లు ఉరికినంక లోపలి మెత్త దిగిపోతది, పైకి మంచిగనే కనపడతయి, మోకాళ్లు చెప్తయి. పాతయి పారెయ్యకుండ్రి, జేఎన్ఎస్‌ల పొద్దుగాల చూస్తె ఆ సైజు కాలు ఒకటి తప్పకుంట దొరుకుతది.

మొన్న బిడ్డ ఫోన్ చేసింది, వేరే ఊర్ల చదువుతాంది, "అమ్మా నేను కూడ పొద్దున ఉరికిన, ఊకెనే" అన్నది. ఎంత సేపు ఉరికినవ్, ఎంత దూరం పోయినవ్ అని నోటి దాకా వచ్చింది, అడగలే. మంచిగనిపించిందా అని అడిగిన. మస్తనిపించింది అన్నది. గంటసేపు మాట్లాడుకున్నం, బూట్ల సైజు కూడ అడిగి రాసిపెట్టుకున్న.

వచ్చే ఆదివారం మేము ఖిల్లాలనే ఉంటం, ఐదున్నరకు, తోరణాల కాడ. వరంగల్, హన్మకొండ, కాజీపేటల ఉన్నోళ్లు ఎవలన్న రావచ్చు, వయసు ఎంతైనా సరే, చీరల వచ్చినా సరే, నడిచినా సరే. ముచ్చట పెట్టుకుంట ఉరికే స్పీడే మాది. అయిపోయినంక రోడ్డు మీద బండి కాడ వేడి వేడి ఇడ్లీ తినుడు ఉంటది, మొదటిసారి వచ్చినోళ్ల పైసలు వదిన ఇస్తా అన్నది.